కరాటేను తీర్చిదిద్దిన బడిపంతుళ్ళు

1908 అక్టోబరులో, ఓకినావా ద్వీపంలో, 77 ఏళ్ళ పెద్దాయన ఒకరు పది అంశాలతో విద్యాధికారులకు ఒక ఉత్తరం రాశారు. ఆయన పేరు ఇతోసు అంకో. ఓకినావాను ఒకప్పుడు ఏలిన ర్యూక్యూ రాజు కొలువులో రాయసం చేసినవారు. ఉత్తరం మొదట్లోనే ఆయన ఒక సంగతి తేల్చి చెప్పారు. కరాటే కన్ఫ్యూషియస్ బోధనల నుంచి వచ్చిందీ కాదు, బౌద్ధం నుంచి వచ్చిందీ కాదు, వెనుకటి రోజుల్లో చైనా నుంచి వచ్చింది అన్నారు. చివర్లో ఒక పథకం చెప్పారు. ఉపాధ్యాయులను తయారుచేసే కళాశాలలో దీన్ని నేర్పించండి, అక్కడ చదివిన పంతుళ్ళు ఊరూరి బడికి తీసుకుపోతారు, పదేళ్ళలో ఓకినావా అంతా వ్యాపిస్తుంది, ఆపైన జపాన్ ప్రధాన భూభాగానికీ చేరుతుంది అన్నది దాని సారాంశం. కరాటే మూలాల గురించి మన దగ్గర ఎన్నో కథలు చెప్పుకుంటారు గానీ, ఈ ఉత్తరాన్ని తలచుకునేవాళ్ళు తక్కువ. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైన పత్రం మరొకటి లేదు. ఈ రోజు ప్రపంచమంతా కరాటే అని పిలుస్తున్న విద్య గుహలో తపస్సు చేసిన సన్యాసి నుంచి రాలేదు, ఆయుధాలు పోగొట్టుకున్న రైతు నుంచీ రాలేదు. కొలువు పోయిన ఒక ఉద్యోగివర్గం, 20వ శతాబ్దపు తొలి మూడున్నర దశాబ్దాల్లో, బడి అనే కొత్త వ్యవస్థను ఆసరా చేసుకుని దాన్ని రూపొందించింది. ఈ మాట ఎందుకు అంటున్నానో ఆధారాలతో చెబుతాను.

ముందుగా మన దేశానికి సంబంధించిన కథ సంగతి చూద్దాం. దక్షిణ భారతం నుంచి, కాంచీపురం నుంచి అని కూడా కొందరంటారు, బోధిధర్ముడు చైనా వెళ్ళి షావొలిన్ మఠంలో భిక్షువులకు యుద్ధవిద్య నేర్పాడనీ, అదే పాకి కరాటే అయిందనీ మనలో చాలామంది నమ్మకం. 2011లో సూర్య నటించిన సినిమా ‘సెవెన్త్ సెన్స్’ పేరుతో తెలుగులోకి వచ్చాక ఈ నమ్మకం మరింత బలపడింది. మన నేల మనిషికి ఇంత ఘనత దక్కితే సంతోషించని వారుండరు. కానీ పాత పత్రాలు దీనికి సాక్ష్యం పలకడం లేదు. బోధిధర్ముడి ప్రస్తావన ఉన్న తొలి చైనా గ్రంథం 547 నాటిది. అందులో ఆయన పశ్చిమ దేశాల నుంచి, పారశీకం నుంచి వచ్చిన భిక్షువు. 645లో దావొషువాన్ అనే బౌద్ధ చరిత్రకారుడు రాసిన గ్రంథంలో మాత్రం ఆయన దక్షిణ భారత బ్రాహ్మణుడు. ఆయన ఎక్కడివాడన్న విషయంలో ఈ రెండింటికీ పొత్తు లేదు. యుద్ధవిద్య గురించి మాత్రం రెండూ ఒక్క ముక్క కూడా చెప్పవు. ఆయన పేరును వ్యాయామంతో ముడిపెట్టిన పుస్తకం 17వ శతాబ్దంలో, అంటే వెయ్యేళ్ళ తర్వాత పుట్టింది. దాని పీఠికలు తమకు తాము చెప్పుకునే కాలానికి చెందినవి కావని చైనా చరిత్రకారుడు తాంగ్ హావొ 1930లోనే నిరూపించారు. కరాటేను జపాన్ ప్రధాన భూభాగానికి తీసుకుపోయిన ఫునాకోషి గిచిన్ తన పుస్తకంలో బోధిధర్ముడి కథ రాశారు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, రాశారు. అప్పటికి చైనాలోనూ జపాన్‌లోనూ ఆ కథ బాగా ప్రచారంలో ఉంది, ఆయన దాన్ని ఉన్నదున్నట్టు స్వీకరించారు. కానీ ఆయన గురువైన ఇతోసు ఇది బౌద్ధం నుంచి రాలేదని రాసిపెట్టారు. ఈ రెండు మాటల్లో దేన్ని నమ్మాలంటే నేను గురువు మాటనే నమ్ముతాను. చైనా బౌద్ధానికి ధ్యానమార్గం చూపినవాడిగా బోధిధర్ముడికున్న స్థానం దీనివల్ల వీసమెత్తు తగ్గదు.

రెండో కథ ఇంకా గట్టిగా పాతుకుపోయింది. 1609లో జపాన్ దక్షిణాన ఉన్న సత్సుమా ప్రభువులు ర్యూక్యూ రాజ్యాన్ని జయించారు, ఆయుధాలు లాక్కున్నారు, నిరాయుధులైన రైతులు చేతులతో కాళ్ళతో సమురాయిలను ఎదిరించడానికి కరాటేను కనిపెట్టారు. వినడానికి ఎంతో ఉత్తేజంగా ఉంటుంది. అణచివేతకు గురైన ప్రజలు ఒట్టి చేతులతో ఎదిరించారంటే ఎవరి మనసు పొంగదు? అయినా దీని వెనుక ఉన్న ఆధారాలు ఒక్కొక్కటే తీసి చూస్తే నిలబడవు. సత్సుమా విజయానికి నూరేళ్ళ ముందు ఏలిన షో షిన్ రాజు ఆయుధాలను రద్దు చేశాడనడానికి ఆధారంగా రాజధాని షురిలోని కోటలో ఉన్న 1509 నాటి శాసనాన్ని చూపించేవారు. తర్వాతి పరిశోధకులు ఆ శాసనాన్ని మళ్ళీ చదివి చెప్పింది వేరు. కత్తులూ విల్లంబులూ కూడబెట్టి రాజ్య రక్షణకు సిద్ధంగా ఉంచాడని అందులో ఉంది. అంటే ఆయుధాలను రద్దు చేయడం కాదు, ఆయుధాగారం నింపడం. ఆయుధం ఎరుగని ద్వీపం అన్న పేరును యూరప్‌కు మోసుకుపోయినవారిలో బ్రిటిష్ నౌకాదళ కెప్టెన్ బేసిల్ హాల్ ఒకరు. 1816లో ర్యూక్యూ తీరం చూసిన ఆయన, మరుసటి ఏడు సెయింట్ హెలీనాలో బందీగా ఉన్న నెపోలియన్‌ను కలిసి, అక్కడి జనానికి ఆయుధాలే లేవని చెబితే నెపోలియన్ నమ్మలేకపోయాడు. హాల్ కంటికి కనబడనంత మాత్రాన లేవని కాదు. సత్సుమా వారు తుపాకుల విషయంలో కఠినంగా ఉన్న మాట వాస్తవం. అయితే తుపాకీ దొరకని రైతు పిడికిలి బిగించి సమురాయిని గెలిచాడనడానికి అది రుజువు కాదు.

అన్నిటికన్నా బలమైన సాక్ష్యం మనుషుల వంశావళి. 19వ శతాబ్దంలో ఈ విద్యకు పేరు తెచ్చినవాళ్ళు ఎవరు? మత్సుమురా సోకోన్ షురిలో చివరి రాజుల అంగరక్షకుడు. ఆయన చేతిపోరుతో పాటు జిగెన్ కత్తిసాము కూడా నేర్చారు. అది ఎవరి విద్య? సాక్షాత్తూ సత్సుమా వారిది. పాలకుల మీద తిరుగుబాటుకు రహస్యంగా సాధన చేసే మనిషి వెళ్ళి ఆ పాలకుల దగ్గరే కత్తి నేర్చుకోడు. ఆయన శిష్యుల తరంలో ఇతోసు రాజు దగ్గర లేఖకుడు, అసాతో అంకో ప్రభువంశీకుడు. మొతోబు చోకి రాజవంశపు శాఖలో పుట్టినవారు. క్యాన్ చోతోకు తండ్రి రాజుకు ఆంతరంగిక ఉద్యోగి. నాహా రేవు వైపు హిగావొన్నా కాన్‌ర్యో కుటుంబం కట్టెల వ్యాపారం చేసుకునేదే అయినా, పుట్టుకకు కింది అంతస్తు ఉద్యోగివర్గమే. ఇన్ని పేర్లలో నాగలి పట్టిన రైతు ఒక్కడూ కనబడడు. పల్లెల్లో కర్రసామూ, పనిముట్లతో చేసే విన్యాసాలూ లేవని నేను అనడం లేదు. పొలం పనిముట్లని చెప్పే వాటిలో ఒకటైన సాయ్, అంటే మూడు మొనల ఇనుప ఆయుధం, నిజానికి రాజ్యపు రక్షకభటులు నేరస్థులను పట్టుకోవడానికి వాడినది. మొత్తం మీద ఈ విద్య అధికారాన్ని ఎదిరించినవాళ్ళది కాదు, అధికారానికి కాపలా కాసినవాళ్ళది. ఈ మాట కొందరికి నిరాశ కలిగించవచ్చు. నాకైతే అసలు కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది, ఎందుకంటే ఆ కాపలాదారులకు కాపాడటానికి రాజే లేకుండా పోయిన రోజు ఒకటి వచ్చింది.

దానికి ముందు చైనా రుణం సంగతి చెప్పాలి. అది కాదనలేనిది. 1372 నుంచి ర్యూక్యూ చైనా మింగ్ చక్రవర్తులకు కానుకలు పంపే రాజ్యం. నాహా పక్కన కుమే గ్రామంలో ఫుజియన్ ప్రాంతం నుంచి వచ్చిన చైనా కుటుంబాలు స్థిరపడి ఓడలు నడిపాయి, పత్రాలు రాశాయి, దౌత్యం చేశాయి. కొత్త రాజు పట్టాభిషేకానికి చైనా నుంచి రాయబారులు పెద్ద పరివారంతో దిగి నెలల తరబడి ఉండేవారు. 1762లో ఒక ర్యూక్యూ ఓడ తుఫానుకు దారితప్పి జపాన్‌లోని తోసా తీరం చేరింది. అందులోని ఉద్యోగులను అడిగి అక్కడి పండితుడొకరు రాసిపెట్టిన విషయాల్లో, చైనా నుంచి వచ్చిన ఒక పోరువిద్యావేత్త ప్రస్తావన ఉంది. చూడ్డానికి బక్కపలచగా ఉన్నా తనకన్నా బలవంతుణ్ణి పడగొట్టేవాడట. నేటికీ సాధన చేసే కుశాంకు అనే కటాకు, అంటే ఒక క్రమంలో కూర్చిన కదలికల వరుసకు, ఆయన పేరే మిగిలింది. 1867లో, చివరి రాజు షో తాయి పట్టాభిషేక ఉత్సవాల సందర్భంగా కుమే గ్రామస్థులు షురి ఉద్యానవనంలో ఇచ్చిన ప్రదర్శనల పట్టిక కూడా దొరికింది. అందులో సేసాన్ వంటి కటాల పేర్లు ఉన్నాయి. హిగావొన్నా స్వయంగా ఫుజియన్‌లోని ఫుజౌ నగరంలో ఏళ్ళ తరబడి నేర్చుకుని వచ్చారు. మరో ఓకినావా సాధకుడు ఉఎచి కాన్‌బున్ 1897లో అదే ఊరు వెళ్ళి 1910 దాకా ఉన్నారు. మరి ఇదంతా చైనా విద్యే అయినప్పుడు ఓకినావా పంతుళ్ళు పుట్టించింది ఏముంది అన్న ప్రశ్న న్యాయమైనది. దెబ్బ కొట్టే తీరు ఎక్కడి నుంచైనా రావచ్చు. కానీ దాన్ని ఎవరికి నేర్పాలి, ఎంతమందికి ఒకేసారి నేర్పాలి, ఏ వరుసలో నేర్పాలి, ఎందుకోసం నేర్పాలి అన్న ప్రశ్నలకు దొరికిన జవాబులే ఒక విద్యను మరో విద్య నుంచి వేరు చేస్తాయి. ఆ జవాబులు ఫుజౌలో లేవు. వాటిని షురిలో వెతికి పట్టుకున్నారు.

1879లో జపాన్ ప్రభుత్వం ర్యూక్యూ రాజ్యాన్ని రద్దు చేసి ఓకినావా జిల్లాగా కలుపుకుంది. రాజును తోక్యోకు తరలించారు. పై అంతస్తులోని కొద్దిమందికి భత్యం సాగింది గానీ, మిగిలిన ఉద్యోగివర్గమంతా ఒక్కసారిగా రోడ్డున పడింది. మనుషులు రెండుగా చీలిపోయారు. చైనా ఏనాటికైనా వచ్చి రాజ్యం నిలబెడుతుందని నమ్మినవాళ్ళు ఒకవైపు, జపాన్ చదువులోకి పిల్లల్ని పంపినవాళ్ళు మరోవైపు. ఫునాకోషి జీవితంలో ఈ చీలిక ఎంత పదునైనదో కనబడుతుంది. 1868లో షురిలో పుట్టిన ఆయనకు వైద్యవిద్య చదవాలని ఉండేది. తల మీది సిగముడి తీసేస్తే తప్ప కళాశాలలో చోటు లేదు. ఆ సిగ వంశగౌరవానికి గుర్తు, తీయడానికి వీల్లేదని ఇంట్లోవాళ్ళు పట్టుబట్టారు. వైద్యం వదులుకుని, 1888లో బడిపంతులుగా చేరి, ఆ ఉద్యోగం కోసం చివరికి సిగ తీసేశారు. కన్నవాళ్ళు నొచ్చుకున్నారు. 1895లో చైనా జపాన్ చేతిలో ఓడిపోవడంతో పాత ఆశ ముగిసింది. 1898లో ఓకినావా యువకులకు నిర్బంధ సైనిక సేవ వచ్చింది. కరాటే సాధన చేసిన కుర్రాళ్ళ శరీర దారుఢ్యం వైద్యపరీక్షల్లో అధికారుల కంటబడింది. పాత కొలువు వాళ్ళ దగ్గర మిగిలిన ఆస్తి ఇదొక్కటే, కొత్త రాజ్యానికి కావలసింది దృఢమైన శరీరాలు. ఈ రెండింటి మధ్య వంతెన వేయగలనని గ్రహించిన మనిషి ఇతోసు.

1901లో షురి ప్రాథమిక పాఠశాలలో, 1905లో జిల్లా మొదటి మాధ్యమిక పాఠశాలలోనూ ఉపాధ్యాయ కళాశాలలోనూ ఈ విద్య పాఠ్యాంశమైంది. అప్పటిదాకా దాన్ని నేర్పిన తీరు తలచుకుంటే ఆ మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. గురువు ఇంటి పెరట్లో, రాత్రిపూట, ఒకరో ఇద్దరో శిష్యులు, ఒక్కో కటాకు మూడేళ్ళు. అసాతో దగ్గరా ఇతోసు దగ్గరా ఫునాకోషి నేర్చింది అలాగే. యాభై మంది పిల్లలు వరుసల్లో నిలబడిన బడి ఆవరణలో ఆ పద్ధతి సాగదు. అందుకని ఇతోసు పినాన్ అనే ఐదు కటాలు కూర్చారు. పాత కటాల్లోని కదలికలను విడదీసి, సులువు నుంచి కష్టానికి మెట్లు కట్టి, అంకెలు లెక్కపెడుతూ అందరూ ఒకేసారి చేసేలా అమర్చారు. మన పిల్లలకు పెద్దబాలశిక్ష ఎలాంటిదో కరాటేకు ఆ ఐదు కటాలు అలాంటివి. ఆయన చుట్టూ ఉన్న సహాయకులు కూడా బడివాళ్ళే. హనాషిరో చోమో మాధ్యమిక పాఠశాలలో, యుద్ధానికి వెళ్ళివచ్చిన యాబు కెన్‌త్సు ఉపాధ్యాయ కళాశాలలో నేర్పారు. హిగావొన్నా కూడా నాహా వాణిజ్య పాఠశాలలో పాఠం చెప్పారు. ఆయన శిష్యుడు మియాగి చోజున్ తర్వాత పోలీసులకూ విద్యార్థులకూ నేర్పి గోజు శైలిని నిలబెట్టారు. ఇతోసు, హిగావొన్నాలిద్దరి దగ్గరా నేర్చుకున్న మబూని కెన్వా ఒసాకా చేరి, ఆ ఇద్దరి పేర్లలోని అక్షరాలతోనే షితో శైలికి పేరు పెట్టారు. ఏ తీగ పట్టి లాగినా అది బడి దగ్గరికే వస్తుంది.

మరి ఆధునిక కరాటే పితామహుడని పేరుపొందిన ఫునాకోషి సంగతేమిటి? ఆయన కృషిని తగ్గించే ఉద్దేశం నాకు లేదు. 1922లో విద్యామంత్రిత్వ శాఖ తోక్యోలో పెట్టిన వ్యాయామ ప్రదర్శనకు ఓకినావా తరఫున వెళ్ళినప్పుడు ఆయన వయసు 53. జూడో స్థాపకుడు కానో జిగోరో తన శిక్షణశాల కొదోకాన్‌కు పిలిచి ప్రదర్శన ఇప్పించుకున్నారు. ఫునాకోషి ఇంటికి తిరిగి వెళ్ళలేదు. ఒక విద్యార్థి వసతిగృహంలో తలదాచుకుని, అక్కడ ఊడ్చే పని కూడా చేస్తూ కరాటే నేర్పారు. 1924లో కేయో విశ్వవిద్యాలయంలో తొలి కరాటే సంఘం వచ్చింది. అదే ఏడు ఏప్రిల్‌లో ఆయన మొదటిసారిగా డాన్ పట్టాలు, అంటే నైపుణ్య శ్రేణి పట్టాలు, ఇచ్చారు. నల్ల బెల్టు, తెల్ల దుస్తులు, డాన్ శ్రేణులు అన్నీ జూడో నుంచి తెచ్చుకున్నవి. ప్రాచీనమని మనం అనుకునే ఈ హంగులకు వయసు నూరేళ్ళు. కటాల ఓకినావా పేర్లు మార్చి జపాన్ పేర్లు పెట్టారు. పినాన్ హేయాన్ అయింది. కరాటే అన్న పేరుకు చైనాను గుర్తుచేసే పాత రాతను వదిలి ‘ఒట్టి చేయి’ అన్న రాతకు మారడాన్ని, 1936 అక్టోబరు 25న నాహాలో ఒక పత్రిక ఏర్పాటు చేసిన సమావేశంలో ఓకినావా గురువులూ ఒప్పుకున్నారు. ఇదంతా పెద్ద పనే. అయితే ఇది ఇతోసు 1908 ఉత్తరంలో గీసిన దారి వెంట నడవడం. పంతులుగా తయారై, బడుల్లో నేర్పి, ప్రధాన భూభాగానికి మోసుకుపోయే మనిషిని ఆ ఉత్తరం ముందే ఊహించింది. ఒక్కరినే పితామహుడు అనాలంటే నేను ఇతోసు పేరే చెబుతాను.

దీనికి ఎదురయ్యే గట్టి ఆక్షేపణలు రెండున్నాయి. మొదటిది, బడి కోసం పలచన చేశారని. ప్రమాదకరమైన దెబ్బల అర్థం చెప్పకుండా కదలిక మాత్రం మిగిల్చారన్న విమర్శ నిజం. మొతోబు చోకి లాంటి పోరుగాళ్ళకు ఇది రుచించలేదు. ఆయన 1926లో ఇద్దరు తలపడి చేసే సాధన మీదే ప్రత్యేకంగా పుస్తకం తెచ్చారు. కొంత పోయింది, ఒప్పుకోవాలి. అయితే 1945 వేసవిలో ఓకినావా మీద ఏం జరిగిందో కూడా గుర్తుంచుకోవాలి. షురి కోట నేలమట్టమైంది, రాతప్రతులు కాలిపోయాయి. క్యాన్, హనాషిరో ఆ ఏడే పోయారు. మియాగి తన తర్వాతివాడిగా భావించిన శిష్యుడు షిన్‌జాతో జిన్‌ఆన్ ఆ యుద్ధంలో మరణించారు. పెరట్లో నలుగురికి మాత్రమే తెలిసిన విద్యగా ఉండిపోయి ఉంటే ఎంత మిగిలేదో ఊహించుకోవచ్చు. రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. ఇతోసు తన ఉత్తరంలో సైన్యానికి పనికొస్తుందన్న వాదన తెచ్చారు, వాటర్లూ విజయం బడి ఆటస్థలాల్లో సిద్ధమైందన్న వెల్లింగ్టన్ మాటను కూడా ప్రస్తావించారు. ఆయన పాఠం చెప్పిన ఆ మొదటి మాధ్యమిక పాఠశాల పిల్లల్నే 1945లో సైనిక దళంగా చేసి యుద్ధంలోకి తోశారు. ఎంతోమంది తిరిగి రాలేదు. ముప్పై ఏళ్ళ ముందే చనిపోయిన మనిషిని దీనికి బాధ్యుణ్ణి చేయడం సరికాదు. కానీ బడిలో చోటు సంపాదించడానికి ఆయన చెల్లించిన వెలలో సైన్యం భాషను అరువు తెచ్చుకోవడం కూడా ఉందని దాచకూడదు. అదే ఉత్తరంలో మొదటి అంశంగా ఆయన రాసింది వేరే ఉంది. ఇది ఒక్క ప్రత్యర్థి మీద గెలుపు కోసం కాదు, ఆరోగ్యం కోసం, ఆపదలో తల్లిదండ్రులను కాపాడుకోవడం కోసం అని. యుద్ధం ముగిశాక ఈ అంశం మిగిలింది, సైన్యం అంశం రాలిపోయింది.

2021లో తోక్యో ఒలింపిక్స్‌లో కటా విభాగంలో స్వర్ణం గెలిచిన కియూనా ర్యో ఓకినావా వాసి. ఒలింపిక్ స్వర్ణం సాధించిన తొలి ఓకినావా మనిషి ఆయనే. మన దగ్గర కూడా ప్రభుత్వ బడుల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో, సమగ్ర శిక్ష కింద ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ ఇస్తున్నారు. దానికి రాణి లక్ష్మీబాయి పేరు పెట్టారు. అందులో కరాటే ప్రధానం. వరుసల్లో నిలబెట్టి అంకెలు లెక్కపెడుతూ నేర్పే పద్ధతి ఇతోసు నుంచి వచ్చినదే. కాకపోతే ఆ శిక్షణ గడువు మూడు నెలలు. రోజూ గంటో రెండు గంటలో సాధన చేస్తే మూడు నాలుగేళ్ళకు శరీరంలో మార్పు కనబడుతుందని ఇతోసు తన ఉత్తరంలో మూడో అంశంగా రాశారు. ఆయన పద్ధతిని తీసుకున్న విద్యాశాఖలు ఆయన అడిగిన కాలాన్ని కూడా ఇవ్వాలి. ఆరో తరగతిలో మొదలుపెట్టి పదో తరగతి దాకా వారం వారం సాగించడానికి బడికి వీలుంది, వ్యాయామ ఉపాధ్యాయులూ ఉన్నారు.